ఇంట్లో చేసుకొనే ఓట్స్ బిస్కెట్లు – ఎన్ని తినవచ్చు?

కిందటి చలికాలంలో కొండగట్టు గుట్ట కింది ఊరి నుంచి ఒక అక్క చక్కెర పరీక్షకు వచ్చింది. వయసు అరవైకి దగ్గర. పొద్దంతా చాట ముందర పెట్టుకొని బీడీలు చుట్టే మనిషి. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. ఆమె మూడు నెలల సగటు చక్కెర 7.2 నుంచి 8.9కి పెరిగింది. మందులు తప్పలేదు, బరువు మాత్రం మూడు కిలోలు పెరిగింది.

"సిస్టరమ్మా, అన్నం సగం తగ్గించిన. షక్కెర ఛాయ్ బంద్ జేసిన. మీరు చెప్పినట్టె ఓట్స్ తింటున్న. ఇంకేం జెయ్యాలె?" అని అడిగింది. ఓట్స్ ఎలా తింటున్నావని అడిగితే తెలిసింది. కోడలు ఇంట్లోనే బిస్కెట్లు చేసి డబ్బా నింపి పెడుతున్నదట. బీడీలు చుట్టుతూ కట్టకొకటి, ఛాయ్‌లోకి రెండు. వేళ్ల మీద లెక్కపెట్టిస్తే రోజుకు ఎనిమిది తేలాయి. "బయటివి గావు సిస్టరమ్మా, ఇంట్ల జేసినయి" అన్నది.

తప్పు ఆమెది కాదు, నాది. అంతకు నాలుగు నెలల ముందు ఆమె మందుల వరుసలో నిలబడి అడిగినప్పుడు "ఓట్స్ మంచివే అక్కా" అని నడుస్తూ నడుస్తూ చెప్పి వెళ్లిపోయాను. ఏ రూపంలో, ఎంత, దేనికి బదులుగా తినాలో చెప్పలేదు. ఆ మిగిలిన మాట ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

కోడలు దగ్గర కొలతలు అడిగి తీసుకొని, మా ఇంటి వంటింట్లో త్రాసు పెట్టి చేసి చూశాను. బిస్కెట్లు నిజంగా బాగున్నాయి. నేను కొంత నెయ్యి, కొంత బెల్లం తగ్గించాను. ఆ లెక్కే ఇక్కడ ఇస్తున్నాను.

కావలసినవి (24 బిస్కెట్లకు): అటుకుల్లా ఉండే ఓట్స్ 180 గ్రాములు, గోధుమపిండి 120 గ్రాములు, తురిమిన బెల్లం 120 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు, గింజ తీసి సన్నగా తరిగిన ఖర్జూరం లేక కిస్‌మిస్ 75 గ్రాములు, ఎండుకొబ్బరి తురుము 25 గ్రాములు, పాలు మూడు పెద్ద చెంచాలు, తినే సోడా అర చిన్న చెంచా, దాల్చినచెక్క పొడి ఒక చిన్న చెంచా, శొంఠి పొడి అర చెంచా, లవంగాలు రెండు దంచి, జాజికాయ ఒక్క చిటికెడు, ఉప్పు చిటికెడు.

చేసే విధానం: ఓట్స్‌ను సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. కమ్మటి వాసన వస్తే చాలు, రంగు మారనక్కరలేదు. చల్లారిన తరువాత పిండి, కొబ్బరి, ఖర్జూరం, మసాలా పొడులు, ఉప్పు కలిపి పెట్టుకోండి. వేరే గిన్నెలో నెయ్యి, బెల్లం, పాలు వేసి బెల్లం కరిగేదాకా మాత్రమే వేడి చేయండి. పాకం పట్టవద్దు, పాకం పడితే బిస్కెట్టు రాయి అవుతుంది. దించి, గోరువెచ్చగా అయినాక సోడా వేసి కలపండి, కొద్దిగా పొంగుతుంది. దాన్ని పొడి దినుసులలో పోసి కలిపి పావుగంట మూత పెట్టండి. ఓట్స్ తడి పీల్చుకొని ముద్ద దగ్గర పడుతుంది. చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి, అరచేత ఒత్తి, నెయ్యి రాసిన పళ్లెంలో ఎడం ఎడంగా పెట్టండి.

ఓవెన్ ఉన్నవారు 170 డిగ్రీల వేడిలో పావుగంట ఉంచితే సరిపోతుంది. మన ఊళ్లలో ఎందరికి ఓవెన్ ఉంది? గిన్నప్ప చేసే చేయికి ఇది కష్టం కాదు. పాత మందపాటి గంజులో అంగుళం మందాన దొడ్డుప్పు లేక శుభ్రమైన ఇసుక పోసి, మధ్యన ఒక చిన్న స్టాండు పెట్టి, మూత పెట్టి మధ్యరకం మంట మీద పది నిమిషాలు వేడి కానివ్వండి. తరువాత పళ్లెం లోపల పెట్టి, మంట తగ్గించి, ఇరవై నిమిషాలు ఉంచండి. అంచులు ఎర్రబడితే తీయాలి. నడుమ మెత్తగా ఉన్నదని ఇంకా ఉంచితే అడుగు మాడుతుంది. చల్లారితే అదే గట్టిపడుతుంది. ఆ ఉప్పు మాత్రం దించిన తరువాత కూడా చాలాసేపు వేడి పట్టి ఉంటుంది, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. చేయి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార పట్టండి. పళ్ల పేస్టు, సిరా, పసుపు రాసుకొని రాకండి. అవి కడిగే సరికి మాకూ కష్టం, మీకూ నొప్పి.

ఇక లెక్క. ఒక్కో బిస్కెట్టులో ఓట్స్ 7, 8 గ్రాములు, బెల్లం 5 గ్రాములు, నెయ్యి 4 గ్రాములు పడతాయి. శక్తి సుమారు 120 కేలరీలు, పిండిపదార్థం 15, 16 గ్రాములు. అంటే రెండు బిస్కెట్లు తింటే ఒక మధ్యరకం జొన్నరొట్టె తిన్నట్టే. ఎనిమిది తింటే నాలుగు రొట్టెలు. పాపం ఆ అక్క అన్నం సగం తగ్గించి, తనకు తెలియకుండానే నాలుగు రొట్టెలు అదనంగా తింటున్నది, పైగా నెయ్యి, బెల్లం వేసినవి.

మరి ఓట్స్ మంచివని చెప్పేది అబద్ధమా? కాదు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. అది కడుపులో చిక్కబడి ఆహారం నెమ్మదిగా అరిగేలా చేస్తుంది, రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను కొంత తగ్గిస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఓట్స్ పొట్లాల మీద ఈ సంగతి రాసుకొనేందుకు అనుమతి ఇచ్చింది. అయితే అందుకు రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి, అంటే సుమారు 75 గ్రాముల ఓట్స్. అంత ఈ బిస్కెట్ల ద్వారా రావాలంటే పది తినాలి. వాటితోపాటు 50 గ్రాముల బెల్లం, 40 గ్రాముల నెయ్యి, దగ్గర దగ్గర 1,200 కేలరీలు లోపలికి వెళతాయి. అదే 75 గ్రాముల ఓట్స్‌ను రెండు పూటలకు పంచి, మజ్జిగ జావగానో, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కూరగాయలు వేసిన ఉప్మాగానో తింటే ఈ బెల్లం, నెయ్యి బరువు ఉండదు. అదీ అన్నానికి బదులుగా తినాలి, అన్నం మీద అదనంగా కాదు. ఓట్స్ కొనలేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మన జొన్నరొట్టె, ఆకుకూర పప్పు వాటికి తీసిపోయేవి కావు.

పండ్ల గురించి ఒక మాట. జగిత్యాల, కరీంనగర్ వైపు గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు అంటే ఖర్జూరం పెట్టె ఉన్న ఇల్లే. ఖర్జూరంలో పీచు ఉంది, పొటాషియం ఉంది, కాని బరువులో సగానికి మించి చక్కెరే. "పండు కదా" అని వదిలేయకుండా లెక్కలో వేసుకోండి. బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు మనకు కొత్త కాదు. హైదరాబాదులో 1953లో మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లను పట్నం వెళ్లినవారు ఇప్పటికీ తెస్తుంటారు. మామూలుగా బిస్కెట్లలో, కేకుల్లో కనిపించే టూటీ ఫ్రూటీ ముక్కలు పచ్చి బొప్పాయిని చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు వేసినవి. దానికంటే ఇంట్లో తరిగిన ఖర్జూరం నయం.

ఓట్స్, కొబ్బరి కలిపి గుడ్డు లేకుండా చేసే బిస్కెట్లు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఇళ్లలో బాగా వాడుక. అన్‌జాక్ బిస్కెట్లు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఆ దేశాల సైనికుల పేరు అది. గుడ్డు లేనందున చాలా రోజులు నిలువ ఉంటాయి. వాళ్లు చక్కెర పాకం వాడే చోట మన కోడలు బెల్లం వేసింది. అన్నట్టు, చక్కెర వ్యాధికి బెల్లం మంచిదన్న మాట నమ్మకండి. రక్తంలో రెండూ ఒకటే.

దాల్చినచెక్క షుగర్‌ను తగ్గిస్తుందని చెంచాల కొద్దీ పొడి మింగేవారు మా దగ్గరికి వస్తున్నారు. బజారులో దొరికే మందపాటి చెక్కలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది, రోజూ ఎక్కువగా తింటే కాలేయానికి చెరుపు. ఇరవై నాలుగు బిస్కెట్లలో ఒక చెంచా అంటే వాసనకే, మందుకు కాదు. జాజికాయ కూడా చిటికెడు దాటితే గుండె దడ, తల తిరుగుడు, మతి తప్పినట్టు మాట్లాడటం వరకు పోతుంది. పసిపిల్లలకు నిద్ర కోసం అరగదీసి పోయకండి.

నెయ్యి బదులు వనస్పతి వేస్తే బిస్కెట్టు కరకరలాడుతుంది, చౌక కూడా. గుండెకు చెరుపు చేసే ట్రాన్స్ కొవ్వు సంగతి వనస్పతి దగ్గరే మొదలైంది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వులలో అది 2 శాతం మించకూడదని నియమం ఉంది. అయినా విడిగా అమ్మే సరుకులో ఏముందో మనకు కనబడదు. ఇంట్లో చేసుకోవడంలో నాకు కనబడే అసలు లాభం ఇదే, ఏం వేశామో మనకు తెలుస్తుంది.

షుగర్ ఉన్నవారికి రోజుకు ఒకటి, అదీ ఛాయ్ చక్కెర లేకుండా తాగేవారికి. రెండు తిన్న రోజు ఒక రొట్టె తగ్గించుకోండి. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని చెప్పినవారు ఖర్జూరం, కిస్‌మిస్ వేసినవి తినే ముందు డాక్టరు గారిని అడగండి. బడి పిల్లలకు పాలతో రెండు ఇవ్వవచ్చు. మూడేళ్ల లోపు పిల్లలకు కిస్‌మిస్ గొంతులో అడ్డం పడవచ్చు, మెత్తగా నలిపి వేయండి. ఇంకొకటి ముఖ్యం. మందులు వాడే షుగర్ రోగులు చెమటలు, వణుకు వస్తే తినడానికి సంచిలో బిస్కెట్టు పెట్టుకుంటారు. అది పనికిరాదు. నెయ్యి, పీచు ఉన్నందున నెమ్మదిగా అరుగుతుంది. ఆ సమయంలో మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ అంతే తాగాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఆ అక్క మొన్న మళ్లీ వచ్చింది. సగటు 7.6కి దిగింది. డబ్బా ఇప్పుడు కోడలి దగ్గర అటక మీద ఉన్నదట, నిచ్చెన వేసుకొని ఎక్కితే తప్ప అందదట. బీడీల చాట పక్కన వేయించిన శనగలు పెట్టుకుంటున్నది. పోతూ పోతూ కొంగు ముడి విప్పి, కాగితంలో చుట్టిన రెండు బిస్కెట్లు నా బల్ల మీద పెట్టింది. "మీకు షుగర్ లేదు గద సిస్టరమ్మా?" అని అడిగి మరీ పెట్టింది.