పేగు సూక్ష్మజీవులు – మత్తు వైద్యం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
మనిషి పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. జీర్ణం కాని పీచుపదార్థాన్ని ఇవి పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు బ్యుటిరేట్ ప్రధాన ఇంధనం. ఆ పొర దృఢంగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు రక్తంలోకి చొరబడడం కష్టం. శస్త్రచికిత్స కోసం మత్తు ఇచ్చినప్పుడు ఈ సమతుల్యత ఎలా మారుతుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

మార్పుకు కారణాలు:
శస్త్రచికిత్సకు ముందు సాధారణంగా తేలికపాటి ఆహారాన్ని 6 గంటల ముందు, నీటిని 2 గంటల ముందు ఆపివేస్తారు. ఉపవాసం పొడిగితే సూక్ష్మజీవులకూ పీచు అందదు. గాయానికి చీము పట్టకుండా కోతకు ముందు ఇచ్చే యాంటీబయాటిక్ మేలుచేసే జీవులను కూడా తగ్గించగలదు. మార్ఫిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ నొప్పి మందులు పేగు గోడలోని గ్రాహకాలపై పనిచేసి కదలికను మందగింపజేస్తాయి. మలబద్ధకానికి ఇదే మూలం. మార్ఫిన్ సూక్ష్మజీవుల కూర్పును మార్చి, పేగు పొరను బలహీనపరుస్తుందని ఎలుకలపై జరిగిన ప్రయోగాలు తెలిపాయి.

మత్తుమందు పాత్ర:
సెవోఫ్లురేన్ వంటి పీల్చే మత్తుమందులు ఇచ్చిన ఎలుకలలోనూ ఇటువంటి మార్పులు కనిపించాయి. వేగస్ నాడి, రోగనిరోధక వ్యవస్థల ద్వారా పేగుకూ మెదడుకూ సంబంధం ఉంది. అందువల్ల శస్త్రచికిత్స తరువాత కొందరు వృద్ధులలో కలిగే తాత్కాలిక మతిభ్రమకు పేగులో కూడా కారణాలను వెదకుతున్నారు. అయితే రోగి విషయంలో ఉపవాసం, యాంటీబయాటిక్, నొప్పి మందు, కోత, మత్తు అన్నీ ఒకేసారి సంభవిస్తాయి. వీటిలో మత్తుమందు వాటాను విడదీసి చెప్పడం కష్టం. ఎలుకల ఫలితాన్ని యథాతథంగా మనిషికి అన్వయించడం తగదు.

ప్రొబయాటిక్స్ విషయంలో జాగ్రత్త:
సూక్ష్మజీవులు తగ్గితే వాటిని బయటినుండి అందించవచ్చనే ఆలోచన సహజమే. కాని నెదర్లాండ్స్‌లో క్లోమగ్రంథి తీవ్రంగా వాచిన రోగులకు ప్రొబయాటిక్స్ ఇచ్చి చేసిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ప్రొబయాటిక్స్ తీసుకున్నవారిలో 16 శాతం, తీసుకోనివారిలో 6 శాతం మరణించారు. ఆ రోగుల స్థితి వేరైనా, మేలుచేసే జీవులు అన్ని వేళలా మేలే చేయవని ఈ పరీక్ష హెచ్చరిస్తున్నది.

ముగింపు:
ప్రస్తుత జ్ఞానం మత్తుమందును దోషిగా నిలబెట్టదు. శస్త్రచికిత్స అవసరమైన రోగి దానికి భయపడనక్కరలేదు. ఉపవాసాన్ని అనవసరంగా పొడిగించకపోవడం, యాంటీబయాటిక్‌ను అవసరమైన మేరకే వాడడం, నరాలకిచ్చే మత్తుతో, పారాసిటమాల్‌తో ఓపియాయిడ్ మోతాదు తగ్గించడం, వైద్యుల అనుమతితో త్వరగా ఆహారం ప్రారంభించడం — ఇవి రోగి త్వరగా కోలుకోవడానికి ఇప్పటికే ఆచరణలో ఉన్న పద్ధతులు. పేగును కాపాడే మార్గాలూ ఇవే కావడం గమనార్హం.