చెప్పులే గదా అనుకోకుండ్రి

మా నాయిన అరికాల్ల తుమ్మముల్లు ఇరిగి రెండు దినాలైనా ఆయనకు తెల్వలే. హవాయి చెప్పు మడమ కాడ అరిగి అట్టముక్క లెక్కయింది, ముల్లు సక్కగ లోపలికి దిగింది. షుగర్ తోని కాళ్లకు స్పర్శ తగ్గింది కాబట్టి నొప్పి రాలే. ఇంట్ల బండల మీద చీము మరక జూసి మా అవ్వ అడిగితే గానీ బయటపడలే. ఆఖరికి ఒక వేలు తీసేసిన్రు. 150 రూపాయల చెప్పులు మార్వక వేలు పోగొట్టుకున్నం.

ఫోన్ కొనాలంటే మనం పది వీడియోలు జూస్తం. చెప్పులు మాత్రం రంగు, ధర జూసి తెచ్చుకుంటం. ఒక్కో పాదంల 26 ఎముకలుంటయి. ఒంటి బరువంతా మోసేది అవే.

హవాయి చెప్పులు బాత్రూంకు, ఇంటి ముందట తిరగనీకి మంచివే. దినమంతా నడవనీకి కాదు. మడమను పట్టుకునే పట్టీ ఉండదు కాబట్టి జారిపోకుంట వేళ్లు ముడుచుకొని నడుస్తం. అడుగు సప్పగ ఉంటది, పాదం వంపుకు ఆసరా ఉండదు. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలు కింద ఒక గట్టి నారల పట్టీ ఉంటది. అది మాటిమాటికి సాగితే మడమ నొప్పి మొదలైతది. పొద్దుగాల మంచం దిగి తొలి అడుగు ఏస్తే సూది గుచ్చినట్టు అయితది, జర నడిస్తే తగ్గుతది. గదే గుర్తు. గోడకు చేతులు ఆనిచ్చి పిక్కలు సాగదీసుడు, చల్లటి నీళ్ల సీసా అరికాలు కింద దొర్లిచ్చుడు చేస్తే చానమందికి ఆరాం అయితది.

కానిస్టేబుల్ కొలువుకు తయారయ్యే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇది ఇనుండ్రి. 2022 నోటిఫికేషన్ల మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల ఉరుకుడు పెట్టిన్రు. పైన పెద్ద కంపెనీ బొమ్మ, లోపల గట్టి రబ్బరు ఉన్న నకిలీ బూట్లతోని తారు రోడ్డు మీద ఉరికితే మోకాలి కింది ఎముక గుంజుతది. ఒక్కసారే దూరం పెంచినా అంతే. ఈవెంట్స్ నాడు కొత్త బూట్లు ఏసుకోకుండ్రి, బొబ్బలొస్తయి. రెండు మూడు వారాల ముందుగాల్నే అలవాటు చేసుకోవాలె.

పెండ్లిళ్లకు ఏసే ఎత్తు మడమల చెప్పులు బరువునంతా వేళ్ల మీదికి తోస్తయి. మొన సన్నగుంటే వేళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కి ఆనెలు గాస్తయి. రెండు గంటల ఫంక్షన్‌కు ఏసుకుంటే ఏం కాదు, రోజూ కాలేజీకి ఏసుకుంటేనే తిప్పలు. ఆనెలను బ్లేడుతోని మాత్రం కోయకుండ్రి.

వానకాలం తడి సాక్సులు ఇడిసి, వేళ్ల సందులు తుడుసుకోవాలె. లేకుంటే పాసి పుండ్లయితయి. రాత్రి పూట పొలం గట్ల మీద నడిచేటప్పుడు గంబూట్లు ఏసుకుంటే ముండ్లతోనే కాదు, పాముకాటు నుంచి గూడ కాపాడుతయి.

కొనేటప్పుడు ఇవి యాదికి పెట్టుకోండ్రి. సాయంత్రం పోవాలె, ఎందుకంటే పొద్దుగూకే వరకు పాదం జర ఉబ్బుతది. రెండు కాళ్లకూ ఏసి, నిలబడి, నడిచి జూడాలె. పెద్దవేలు ముందట బొటనవేలు మందం జాగ ఉండాలె. బూటును వంచితే వేళ్ల కాడ వంగాలె, నడుమ మడత పడొద్దు. నంబర్ ఒక్కటే నమ్మొద్దు, కంపెనీకో తీరుంటది.

ఇంట్ల షుగర్ ఉన్నోళ్లుంటే లోపలగూడ ఉత్తకాళ్లతోని తిరగనియ్యకుండ్రి. ఎనక పట్టీ ఉన్న మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వాళ్లకు మంచివి. ఏసుకునే ముందట దులుపాలె. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు మనమే జూడాలె. పుండు కనవడితే పసుపు, సున్నం పెట్టుకుంట కూసోకుంట దవాఖానకు తీస్కపోవాలె. మేము చేయనిది గదే.

ఇయ్యాల ఇంటికి పోంగనే మీ నాయిన చెప్పులు బోర్లేసి జూడుండ్రి. మడమ కాడ అరిగి పల్చగైతే, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంటే, వచ్చే అంగడి దాకా ఆగకుండ్రి. ఆయన అడగడు. మా నాయిన గూడ అడగలే.