నంద్యాల పంతం

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకే దక్షిణాదిలో కొన్ని క్రైస్తవ సంఘాలు ఏకమయ్యాయి. ఒక్క నంద్యాల ప్రాంతం మాత్రం 'మేం రాం' అంది. పాతిక సంవత్సరాలకు పైగా ఆ మాటమీదే నిలబడింది. ఎందుకు?

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం పండువెన్నెల్లో జరుగుతుంది. ఆ గుడి దగ్గరే ఇమాంబేగ్ తవ్వించిన బావి. ఒకరి నమ్మకం పక్కన మరొకరి నమ్మకం ఒదిగి ఉండటం కడప సీమకు కొత్తేం కాదు. అక్కణ్నుంచి కడప, మైదుకూరు దాటి చాగలమర్రి వైపు వెళ్తే ముత్యాలపాడు. ఆ పైన నంద్యాల. ఇదంతా ఒకప్పుడు ఆంగ్లికన్ల సీమ. అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయాన్ని పాటించేవాళ్లన్నమాట.

కడపలో లండన్ మిషనరీ సొసైటీ తరఫున పనిచేసిన విలియం హోవెల్ 1840ల్లో ఆంగ్లికన్ చర్చిలోకి మారారు. ఇక్కడ ఆ సంఘానికి బీజం పడింది అప్పుడే. తర్వాత ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలయ్యాయి. చేరినవాళ్లలో ఎక్కువమంది దళితవాడల జనమే. 1876-78 నాటి ధాత కరువు ఈ పల్లెల్ని ఊడ్చేసింది. ఆ కాలంలో, ఆ తర్వాత సంఘాలు బాగా పెరిగాయి.

పుస్తకమే ప్రాణం

ఆంగ్లికన్ ఆరాధనలో అన్నీ ఒక పద్ధతి ప్రకారం జరగాల్సిందే. దానికి ఆధారం ప్రార్థన పుస్తకం. ఇంగ్లండులో 1549లో తొలిసారి వచ్చింది. 1662లో స్థిరరూపం దాల్చింది. ఏ ఆదివారం ఏ వాక్యం చదవాలో, ఎప్పుడు మోకరించాలో, ఎప్పుడు లేచి నిలబడాలో అందులోనే ఉంటుంది. అయ్యగారు ఒక మాట చెబితే సంఘం మరో మాట అందుకుంటుంది. చదువురాని ముసలమ్మలు సైతం ఆదివారాల తరబడి విని విని నేర్చుకునే పద్ధతి ఇది. పుస్తకం చేతిలో లేకున్నా ఫర్వాలేదు, నోట్లో ఉంటే చాలు!

ఏడాదికీ ఓ లెక్క ఉంది. క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలం. భస్మ బుధవారంతో మొదలయ్యే నలభై రోజుల శ్రమ దినాలు. మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్. బల్లమీది గుడ్డ రంగు కూడా కాలాన్ని బట్టి మారుతుంది. శ్రమ దినాల్లో ఊదా, పండగలకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, మామూలు రోజుల్లో ఆకుపచ్చ. పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. పెద్దయ్యాక బిషప్పు తలమీద చేతులుంచి ఆ విశ్వాసాన్ని స్థిరపరుస్తారు.

మన పల్లెలకు వచ్చేసరికి ఈ ఇంగ్లండు పద్ధతి కాస్త సీమ నీళ్లు తాగింది. చెప్పులు బయట. ఆడవాళ్లు ఓ పక్క, మగవాళ్లు ఓ పక్క. పురుషోత్తమ చౌదరి కాలం నాటి కీర్తనలకు హార్మోనియం, తబలా. కోత పండగొస్తే జొన్నలు, వేరుశనగ, గుమ్మడికాయలు గుడికి చేరతాయి. ఆరాధనయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ వేలంపాట సందడి ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేదు.

చేతుల గొలుసు

అసలు తగువు బిషప్పు దగ్గర వచ్చింది. ఆంగ్లికన్ల లెక్కలో బిషప్పు అంటే కేవలం పెద్ద అధికారి కాదు. అపొస్తలుల నుంచి ఒకరి తలమీద ఒకరు చేతులుంచుతూ వచ్చిన గొలుసులో ఆయనో కొలికి. ఆ చేతులతో అభిషేకం పొందిన గురువే సంస్కార విందు ఇవ్వాలి.

1919లో తరంగంబాడిలో ఐక్యత చర్చలు మొదలయ్యాయి. వాటికి నడుం కట్టినవారిలో ముఖ్యుడు వి.ఎస్.అజరయ్య. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. 1912 నుంచి దోర్నకల్ పీఠంలో ఉన్నారు. నంద్యాల ప్రాంతం కూడా ఆయన పీఠం కిందికే వచ్చింది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం(సి.ఎస్.ఐ.) పుట్టింది. ఆయన కలను కాదన్నది ఆయన పీఠంలోని నంద్యాలే!

ఐక్యతా ఒప్పందం ప్రకారం ఇకముందు అభిషేకాలన్నీ బిషప్పులే చేస్తారు. కానీ మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాల నుంచి వచ్చిన పాత గురువులకు మళ్లీ అభిషేకం అక్కర్లేదు. ఇష్టంలేని గురువును ఏ సంఘం మీదా రుద్దబోమని హామీ కూడా ఉంది. అయినా నంద్యాల మెత్తబడలేదు. వేలమంది పాత సంఘంలోనే ఉండిపోయి, కలకత్తా మెట్రోపాలిటన్ నీడకు చేరారు. పల్లె జనమంతా వేదాంత చర్చలు చదివి నిర్ణయించుకున్నారనుకోలేం. గొలుసు తెగకూడదని తరతరాలుగా వాళ్లకు నేర్పారు. ఇప్పుడు పరవాలేదంటే నమ్మడమెలా? పైగా ఈ ప్రాంతాన్ని పోషించిన ఎస్.పి.జి. మిషను మొగ్గూ పాత పద్ధతివైపే.

సి.ఎస్.ఐ. 1950లో కొత్త ఆరాధన క్రమం తెచ్చింది. అందులో గురువు బల్ల వెనక నిలబడి సంఘానికి ఎదురుగా ఉంటాడు. సమాధానాన్ని చేతుల ద్వారా ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటారు. ప్రపంచమంతా దాన్ని మెచ్చుకుంది. నంద్యాల మాత్రం పాత పుస్తకాన్నే పట్టుకుంది.

1963లో నంద్యాల ప్రత్యేక పీఠమైంది. అయితే 1970లో ఉత్తరాది ఆంగ్లికన్లు కూడా ఉత్తర ఇండియా సంఘంలో కలిసిపోయారు. ఆనుకోవడానికి పాత సంఘమే లేకుండా పోయింది. మరోవైపు అభ్యంతరమూ దానంతటదే కరుగుతూ వచ్చింది. 1947 నాటి పాత గురువులు ఒక్కొక్కరే పోయారు. కొత్తవాళ్లంతా బిషప్పుల చేతులమీదుగా వచ్చినవాళ్లే. 1970వ దశకంలోనే నంద్యాల సి.ఎస్.ఐ.లో చేరింది.

ఇప్పుడది ఆ సంఘంలో ఒక పీఠం. బిషప్పు ఆసనం నంద్యాలలోని హోలీ క్రాస్ కెథెడ్రల్‌లో ఉంది.