వార్తల్లో పదం: మౌలిక పరిశోధన

వెంటనే అమ్ముకోదగ్గ వస్తువు కోసం కాక, ప్రకృతి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి చేసేది మౌలిక పరిశోధన. ‘అనుసంధాన్‌’ జాతీయ పరిశోధన సంస్థ చట్టం 2023లో వచ్చాక నిధుల చర్చలో ఈ మాట తరచూ వినిపిస్తోంది. ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది, అందులో మనవాడూ ఉన్నాడు.

కృష్ణా జిల్లా కవుతవరంలో పుట్టిన పాచా రామచంద్రరావు లోహశాస్త్రవేత్త. పరమాణువుల అమరికలో క్రమం ఉండి కూడా ఒకే నమూనా తిరిగి తిరిగి రాని క్వాసీక్రిస్టల్‌ను డాన్ షెక్ట్‌మన్ 1982లో అల్యూమినియం-మాంగనీస్ మిశ్రమంలో గుర్తించారు. స్ఫటికశాస్త్రం ఒప్పుకోని ఆ అమరికను చాలామంది మొదట నమ్మలేదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో రామచంద్రరావు, జి.వి.ఎస్. శాస్త్రి మాత్రం ఇంకో ప్రశ్న వేసుకున్నారు: ఇలాంటివి ఏ మిశ్రమాల్లో వస్తాయో ముందే చెప్పగలమా? మెగ్నీషియం-అల్యూమినియం-జింక్ సమ్మేళనంలోని పరమాణు గుచ్ఛాలను చూసి అంచనా కట్టారు. కరిగించి అతివేగంగా చల్లార్చితే నిజమైంది. అది 1985. షెక్ట్‌మన్‌కు నోబెల్ 2011లో వచ్చింది.

1992 నుంచి పదేళ్లు జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలకు రామచంద్రరావు డైరెక్టర్. నెహ్రూ 1950లో ప్రారంభించిన ఈ సంస్థ పని ఖనిజాలు, లోహాలు. అక్కడ ఎముకలోని ఖనిజం హైడ్రాక్సీఅపటైట్‌ను పాలిమర్ల సాయంతో తయారుచేసే పరిశోధనలోనూ ఆయన పాలుపంచుకున్నారు. లోహశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం ఒకే బల్ల దగ్గర కూర్చోవడమంటే ఇదే. కమిటీలు వేస్తే వచ్చేది కాదు. ప్రశ్నే శాఖ గోడ దాటాలి.