పతకానికెక్కని బందీలు: నిర్మల్, 1860

విజేత తన గెలుపును లోహంపై అచ్చువేయించినప్పుడు ఓడినవారి రూపం కూడా ఆ లోహంపైకి ఎక్కడం ప్రాచీన సంప్రదాయమే. క్రీ.శ. 70లో జెరూసలేం పతనమైన తరువాత రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ వేయించిన పెద్ద కంచు నాణేలపై ఖర్జూర వృక్షం కింద కూర్చొని శోకిస్తున్న స్త్రీ కనిపిస్తుంది. కొన్నింటిపై చేతులు కట్టివేసిన పురుషుడు కూడా ఉంటాడు. చుట్టూ ఉన్న లేఖనానికి ‘యూదయ చిక్కింది’ అని అర్థం. ఆధునిక యుద్ధ స్మారక పతకాలలో కనిపించే బందీ రూపానికి ఇది పూర్వరూపం.

ఉత్తర తెలంగాణకు లోహముద్రలు కొత్త కావు. పాత కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాలలో గోభద, సమగోప, సిముక మొదలైన పాలకుల పేర్లున్న నాణేలు లభించాయి. అయితే వాటిపై ఉన్నవి పేర్లు, చిహ్నాలే. ఈ ప్రాంతపు బందీల కథ అంతకన్నా చాలా తరువాతిది.

1857 తిరుగుబాటు చల్లారిన తరువాత కూడా నిర్మల్ పరిసరాలలో రాంజీ గోండు నాయకత్వాన గోండులు, రోహిల్లాలు పోరు సాగించారు. చివరకు పట్టుబడిన రాంజీని, అతని అనుచరులను 1860లో నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. వేయిమంది అన్నది జనశ్రుతి చెప్పే సంఖ్య. ఆ చెట్టుకు ‘వెయ్యి ఉరుల మర్రి’ అన్న పేరు దానివల్లనే వచ్చింది. యుద్ధఖైదీ హక్కులను నిర్వచించిన హేగ్ ఒప్పందం 1899 నాటిది. అయినా ఇక్కడ అడ్డువచ్చింది కాలం ఒక్కటే కాదు. పాలకుల దృష్టిలో వీరు శత్రుసైనికులు కారు, తిరుగుబాటుదారులు. ఆ ఒక్క మాటతో యుద్ధఖైదీకి దక్కవలసిన కనీస మర్యాద కూడా వారికి లేకుండా పోయింది.

తిరుగుబాటును అణచిన సైనికులకు బ్రిటిష్ ప్రభుత్వం వెండి పతకం ఇచ్చింది. ముందువైపు విక్టోరియా రాణి తల, వెనుకవైపు పూలదండ పట్టుకొని నిలిచిన బ్రిటానియా, ఆమె వెనుక సింహం, అడుగున 1857–1858 సంవత్సరాలు ఉంటాయి. ఓడినవారి జాడ ఎక్కడా లేదు. రోమన్ టంకశాల బందీని చూపి గర్వించింది, ఈ పతకం బందీని చూపనేలేదు. పతకంపై రిబ్బనుకు తగిలించే పట్టీలు ఐదే: ఢిల్లీ, లక్నో రక్షణ, లక్నో విముక్తి, లక్నో, మధ్య భారతం. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సైనికులకు 1858 పోరాటాలకుగాను మధ్య భారతం పట్టీ లభించింది. నిర్మల్ పేరిట పట్టీ లేదు. పతకంపై అచ్చయిన కాలం 1858తోనే ముగిసింది కనుక 1860 నాటి ఉరితీతలు దాని లెక్కలోకే రాలేదు.

అదే ఆదిలాబాద్ సీమలో ఓజాలు తరతరాలుగా కంచు, ఇత్తడి పోతపోస్తున్నారు. మట్టిబొమ్మపై మైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి కాల్చి, మైనం కరిగిన చోట లోహం పోస్తారు. తరువాత అచ్చును పగలగొట్టి బొమ్మను బయటకు తీస్తారు. ఈ డోక్రా కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. టంకశాల అచ్చు ఒకే ముఖాన్ని వేలసార్లు ముద్రిస్తుంది, ఓజాల అచ్చు ఒక్కసారికే పనికివస్తుంది. నిర్మల్ బందీలకు ఎప్పుడైనా లోహంలో స్మారకం తలపెడితే ఈ రెండవ పద్ధతే తగినది. ‘వేయిమంది’ అన్న లెక్కలో కలిసిపోయిన మనుషులకు అందులోనైనా ఎవరి ముఖం వారికి ఉంటుంది.