పాత ఇల్లు కొనుటకు ముందు: జంషెడ్‌పూరు నివాసులకు ఆరోగ్య సూచనలు

1907వ సంవత్సరమున ఉక్కు కంపెనీ ఏర్పడిన నాటికి సాక్చి యొక చిన్న పల్లె. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమనున్న ఆ నేలపై 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు తయారయ్యెను. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఆ పట్టణమునకు జంషెడ్‌పూరను పేరు పెట్టెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి రైలుమార్గమున వలసపోయిన తెలుగువారు ఆ కర్మాగారమున పనిచేసి, అచ్చటనే బిడ్డలను పెంచి, బిష్టుపూరున ఆంధ్రభక్త శ్రీరామమందిరమును నిలుపుకొని, కద్మా, సోనారి, సాక్చి మొదలగు పేటలలో తరతరములుగా నివసించుచున్నారు. ఉద్యోగకాలమంతయు కంపెనీ క్వార్టరులో గడపినవాడు విరమణానంతరము దానిని ఖాళీ చేయవలసి వచ్చును. అప్పుడు చేతికివచ్చిన ప్రావిడెంటు ఫండు సొమ్ముతో, అలవాటైన పేటలోనే, గుడికిని బజారునకును నడచిపోగల దూరమున, ఒక పాత ఇల్లు కొనవలెనని తలచుట సహజము. ఆ సొమ్ము మరల సంపాదింపగలిగినది కాదు. ఇంటి వెలకే అంతయు చెల్లించి మరమ్మతునకు ఏమియు మిగుల్చుకొనని కుటుంబమున, ఆ ఇంటి దోషములను మొదట అనుభవించువారు ముసలివారును పసివారును.

ఇంటికంటె ముందు పేటను చూడవలెను. జంషెడ్‌పూరు ఒక్కసారిగా, ఒక్క పద్ధతిని కట్టబడిన పట్టణము కాదు. తొలి నక్షాను పిట్స్‌బర్గు నగరవాసియైన జూలియన్ కెనెడీ సిద్ధపరచెను. 1920 ప్రాంతమున టెంపిల్, తరువాత స్టోక్సు, 1944-45లో ఆటో కోనిగ్స్‌బెర్గరు దానిని విస్తరింపజేసిరి. నక్షాననుసరించి వెలసిన పేటలలో నేల వాలు, మురుగుకాలువ, చెట్లనీడ ముందుగనే ఆలోచింపబడినవి. నక్షాకు వెలుపల, కార్మికులు ఎవరి చేతనైనట్లు వారు కట్టుకొన్న బస్తీలలో ఆ సౌకర్యములు ఒక్కొక్క వీథికి ఒక్కొక్క విధముగ నుండును. నదుల ఒడ్డునగల పల్లపు స్థలములలో, ఎగువ జలాశయముల ద్వారములు తెరచినపుడు, ఇండ్లలోనికి నీరు వచ్చుట కలదు. బాగ్బేడా, జుగ్సలాయి, మాంగో, కద్మాలోని నదీతీర భాగములలో ఇల్లు చూచువారు గోడపై పాత నీటిచార ఎంత ఎత్తున నిలిచినదో ఇరుగుపొరుగులను అడిగి తెలిసికొనుట మంచిది. దలారి ఈ సంగతి చెప్పడు. ఎదురింటి ముసలమ్మ చెప్పును.

ఇల్లు కొనునపుడు వాస్తుపండితుని పిలుచుకొనిపోవు ఆచారము మనవారిలో గట్టిది. దానినిగూర్చి వాదించుటకు ఇది తావు కాదు. కాని ఈశాన్యమున నుయ్యి యున్నదని సంతోషించువారు, ఆ నూతికి ఎన్ని అడుగుల దూరమున మరుగుగొయ్యి యున్నదో కొలుచుట అరుదు. ఆ దూరము కనీసము 50 అడుగులు, అనగా 15 మీటర్లు, ఉండవలెను. పొరుగువాని గొయ్యికూడ ఈ లెక్కలోనిదే. పాతబస్తీల ఇండ్లలో పెరటిసందు వైపు ఒక చిన్న తలుపు కనబడిన, అది ఒకప్పుడు పాకీపని మనుష్యునకై ఉంచబడిన దొడ్డి యని గ్రహింపవలెను. ఆ పనికి మనుష్యులను నియమించుటను 1993లోను, మరింత కఠినముగ 2013లోను చట్టము నిషేధించినది. అట్టి దొడ్డి పిదప ఏ విధముగ మార్పబడినదో, గొయ్యికి అడుగున సిమెంటు ఉన్నదో లేదో, గాలిగొట్టము కలదో లేదో మూత తీయించి చూడవలెను.

పాత ఇంటికి ప్రధానశత్రువు చెమ్మ. జంషెడ్‌పూరున జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు దట్టముగ కురియును. ఇండ్లను చూచుటకు జనులు సామాన్యముగ ఎండకాలమున పోవుదురు. ఆ కాలమున గోడలన్నియు పొడిగనే కనబడును. వీలైనచో ఒకసారి ముసురు పట్టిన నాడు పోయి చూడవలెను. వీలుకానిచో చూడవలసిన గుర్తులు వేరు. నేలకు మూడడుగుల ఎత్తువరకు గోడపై తెల్లని ఉప్పు పూసియున్నను, పూత బుడగలు కట్టియున్నను, పునాదిపై చెమ్మను ఆపు పొర లేదనియో, చెడినదనియో అర్థము. అమ్మకమునకు వారము దినములు ముందు రంగు వేయబడిన గోడ అనుమానింపదగినది. ఇల్లంతయు పాతరంగుతో నుండి ఒక్క గదిమాత్రము కొత్తగ మెరయుచున్న, ఆ గదిలో ఎక్కువసేపు నిలువవలెను. బీరువా వెనుక, మంచము క్రింది మూల, స్నానపు గది వెలుపలి గోడ, ఈ మూడు చోట్ల చేయిపెట్టి చూడవలెను. తలుపులు మూసి కొన్ని నిమిషములు నిలుచుండిన, తడిసిన గోనెసంచి వంటి వాసన ముక్కునకు తెలియును. చెమ్మగోడపై బూజు పెరుగును. దాని సూక్ష్మబీజములు గాలిలో కలిసి ఉబ్బసరోగులకు ఆయాసము తెచ్చును, చిన్నపిల్లలకు దగ్గు వదలనీయవు. దానిపై రంగు పూసినంతమాత్రమున వ్యాధి పోదు. నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో, కప్పునుండియా, గోడలోని కుళాయిగొట్టమునుండియా, నేలనుండియా, అది కనిపెట్టి ఆపవలెను. ఈ మూడింటిలో నేలచెమ్మ మరమ్మతు మిక్కిలి ఖర్చుతో కూడినది.

పాతరంగునుగూర్చి మరియొక హెచ్చరిక అవసరము. తలుపులకు, కిటికీ ఊచలకు వేయు నూనెరంగులలో సీసము కలుపుట చిరకాలమునుండి ఉండెను. ఇంటిరంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములను మించరాదని 2016లో భారతప్రభుత్వము నిబంధన చేసెను. అది 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చెను. అందుచేత అంతకుముందు వేయబడిన రంగు పెచ్చులుగ ఊడుచున్నచో అది సీసపు రంగే యని భావించి జాగ్రత్తపడవలెను. ప్రాకు బిడ్డ ఆ పొడిని వ్రేళ్లతో నోటిలో పెట్టుకొనును. సీసము రక్తహీనతను కలిగించుటయేకాక, ఎదుగుచున్న మెదడును మందగింపజేయును. ఆ నష్టము తిరిగి పూడదు. అట్టి రంగును పొడిగా గీకింపరాదు, మంటతో కాల్పింపరాదు. తడిపి తీయించి, ఆ పని ముగిసి ఇల్లంతయు తడిగుడ్డతో తుడిచిన పిదపనే గర్భిణులను, పిల్లలను ఇంటిలోనికి తీసికొనిరావలెను.

వెనుకవసారాకు ఆస్బెస్టాసు రేకులున్నచో వాటిని కోయించుట, తొలిపించుట ప్రమాదకరము. చాయిబాసా సమీపమున రోరో కొండలలో ఆస్బెస్టాసు గనులు 1983 వరకు పనిచేసినవి. అందుచేత ఈ పదార్థము సింహభూము ప్రాంతమునకు కొత్తది కాదు. చెక్కుచెదరని రేకు వలన భయము తక్కువ. పగిలిన రేకునుండి రేగు సన్నని నారలు ఊపిరితిత్తులలో నాటుకొని, ఇరువది ముప్పది సంవత్సరముల తరువాత క్యాన్సరును పుట్టింపగలవు. పగిలిన రేకులను తడిపి, ముక్కలు చేయక, మొత్తముగ దింపింపవలెను. ఆ ఖర్చును బేరమునందే తగ్గించి అడుగుటలో తప్పులేదు.

నీటి విషయమున తెల్లవారుజామున ఇల్లు చూచుట మేలు. రాత్రియంతయు నిలిచిన నీరు తొలుత ఎఱ్ఱగా వచ్చిన, లోపలి ఇనుపగొట్టములు త్రుప్పుపట్టినవని తెలియును. నీరు రోజంతయు రాని పేటలలో, సరఫరా ఆగినపుడు చిల్లుగొట్టములోనికి ప్రక్కనున్న మురుగు పీల్చుకొనబడును; కామెర్లు, సన్నిపాతజ్వరము ఆ దారిననే వచ్చుట కద్దు. కావున కుళాయిగొట్టము మురుగుకాలువను దాటు చోటు తప్పక చూడవలెను. నూతినీరైనచో ప్రయోగశాలలో పరీక్ష చేయించిన పిదపనే బయానా ఇచ్చుట వివేకము.

మిద్దెపైకి ఎక్కి నీళ్లతొట్టి మూత ఎత్తి చూడనివారు సగము ఇల్లు చూడనివారే. 1897 ఆగష్టు 20న రోనాల్డు రాసు సికిందరాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. సింహభూము అడవులు చిరకాలముగ ఆ వ్యాధికి నెలవులు. పట్టణములలోనైతే మూతలేని తొట్లు, నూతులే మలేరియా దోమకు పుట్టినిల్లు. డెంగ్యూ దోమ ఎయిర్ కూలరులో, పూలకుండీ పళ్లెములో, పాత టైరులో, చూరుకాలువలో ఆగిన నీటిలో వారము పది దినములకే గుడ్డునుండి పెరిగి ఎగురును. బోదకాలు దోమకు మురుగు కావలెను. ఒక్క ఇంటిలో ఈ మూడింటికిని చోటుండవచ్చును. వాలు చెడి నీరు నిలుచు మిద్దెను సరిచేయించుట కష్టమేకాని, తొట్టికి బిగుతైన మూత, గొయ్యి గాలిగొట్టమునకు వలగుడ్డ, కిటికీలకు జాలి, ఇవి స్వల్పవ్యయముతో అమరును.

గాలివెలుతురులకు ప్రజారోగ్య గ్రంథములు చెప్పు కొలత యొకటి కలదు: కిటికీల వైశాల్యము గది నేలలో ఐదవవంతు ఉండవలెను. పాత ఇండ్లకు ఈ గుణము తరచుగా ఉండెడిది. తరువాతివారు వరండాను మూసి గదిగ మార్చుకొనుటచే పోవును. రాక్షసిబొగ్గు కుంపటులు వాడిన నాటి వంటయిండ్లలో పొగగూడు ఉండును. గ్యాసు వచ్చిన పిదప దానిని ఇటుకలతో మూసినవారు పెక్కురు. దానిని తెరపించుట మంచిది. ఉక్కు పట్టణమగుటచే బొగ్గుధూళి అన్ని పేటలలో ఒక్క రీతిగ ఉండదు. కిటికీగట్టును తెల్లగుడ్డతో తుడిచి చూచిన ఆ ఇంటి సంగతి తెలియును. ఇంటిలో మునుపు క్షయరోగి నివసించెనని విని మంచి ఇంటిని వదలుకొనుట మాత్రము అజ్ఞానము. గోడలనుండి క్షయ అంటదు. గాలి ఆడని గదిలో దగ్గుచున్న రోగి ప్రక్కన దీర్ఘకాలము ఉండుటవలన అంటును.

విద్యుత్తు తీగలు చెక్కపట్టీలపై బిగింపబడియున్నచో అవి మార్చదగినవని వేరుగ చెప్పనక్కరలేదు. ఎర్తింగును విద్యుత్ పనివానిచే పరీక్షింపజేయవలెను. కాంక్రీటు కప్పును కర్రతో తట్టి చూచిన, లోపల ఇనుము త్రుప్పుపట్టి పెచ్చు విడిన చోట డొల్ల ధ్వని వచ్చును. ఆ భాగము క్రింద మంచము వేయరాదు. వృద్ధులున్న ఇంటిలో మేడమెట్లకు పట్టుకొమ్మ, స్నానపు గదికి జారని నేల ముఖ్యములు.

పత్రములలో లీజు విషయము మరువరాదు. కంపెనీ నేల ప్రభుత్వమునుండి లీజుకు తీసికొనబడినది; 2005లో పునరుద్ధరింపబడిన లీజు గడువు 2025 డిసెంబరు 31 వరకు ఉండెను. కావున ఇంటి స్థలమునకు గల హక్కు ఏ రకమైనదో, ప్రస్తుత స్థితి యేమో సంబంధిత కార్యాలయమున లిఖితపూర్వకముగ తెలిసికొనవలెను. పిమ్మట నమ్మకమైన తాపీమేస్త్రీని, కుళాయిపనివానిని, విద్యుత్ పనివానిని వేరువేరుగ తీసికొనిపోయి, ముగ్గురి అంచనాలను వ్రాయించి, ఇంటి వెలకు కలుపవలెను. చెమ్మ, కప్పు, మురుగు పనులు గృహప్రవేశమునకు ముందే ముగియవలెను. రంగులు, అలంకారములు మరుసటి సంవత్సరమునకు ఆగవచ్చును.