రిపోర్టు బాగానే ఉంది - మరి మాత్ర ఎందుకు?

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోని బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు ఒక దోమ పొట్టను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనబడింది. మలేరియా దోమకాటు ద్వారా వ్యాపిస్తుందని తేలడానికి ఆ రోజు పునాది పడింది. ఈ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

మలేరియా విషయంలో డాక్టరు లెక్క సూటిగా ఉంటుంది. రోగి రక్తపు చుక్కలో పరాన్నజీవి ఉందా? ఉంటే మందు ఇవ్వాలి. లేకపోతే ఆ మందు అక్కరలేదు.

ఇప్పుడు అదే సికింద్రాబాదులో మరో రక్తపు చుక్కను చూద్దాం. మీ తాతయ్యకు 58 ఏళ్లనీ, పదేళ్లుగా చక్కెర వ్యాధి ఉందనీ అనుకోండి. గుండెజబ్బు ఏనాడూ లేదు. కొలెస్టరాల్ పరీక్ష చేయిస్తే, రిపోర్టులో పక్కన అచ్చువేసిన హద్దులోపలే ఉంది. అయినా డాక్టరు కొలెస్టరాల్ తగ్గించే మాత్ర రాశాడు. "లేని జబ్బుకు మందేమిటిరా?" అని తాతయ్య చీటీ మడిచి అలమారలో పెట్టేశాడు.

తాతయ్య ప్రశ్న మంచిదే. మరి డాక్టరు పొరపాటు పడ్డాడా? రండి, తెలుసుకుందాం.

కొలెస్టరాల్ శత్రువా?

కాదు! మన శరీరంలో ప్రతి కణం పొరలోనూ కొలెస్టరాల్ ఉంటుంది. కొన్ని హార్మోనులు, విటమిన్ డి, ఆహారంలోని కొవ్వును జీర్ణం చేసే పైత్యరస లవణాలు తయారవడానికి అది కావాలి. అందులో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. ఈ పనిలో కాలేయానిది ముఖ్యపాత్ర. అంటే మలేరియా క్రిమిలాగా 'ఉందా, లేదా' అని అడగటానికి వీలులేదన్నమాట. అది అందరిలోనూ ఉంటుంది.

కొలెస్టరాల్ నీటిలో కరగదు. రక్తమేమో ఎక్కువగా నీరే. అందుకని అది ప్రొటీనుతో కూడిన చిన్న చిన్న రేణువుల్లో ఎక్కి ప్రయాణం చేస్తుంది. సికింద్రాబాదు స్టేషనులో గూడ్సు బండి చూశారు కదా? ఆ రేణువులను గూడ్సు వ్యాగన్లు అనుకోండి. కాలేయం నుంచి బయలుదేరిన కొలెస్టరాల్‌ను శరీరమంతా తిప్పే వ్యాగన్ల పేరు ఎల్.డి.ఎల్. మిగిలినదాన్ని కాలేయానికి తిరిగి చేర్చేవి హెచ్.డి.ఎల్.

ఎల్.డి.ఎల్. వ్యాగన్లు రక్తంలో ఎక్కువైతే కొన్ని రక్తనాళాల గోడల్లోకి దూరి చిక్కుకుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది. ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని గడ్డలాగా తయారవుతుంది. ఒకనాడు ఆ గడ్డ పగిలితే దానిపై రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెకు వెళ్లే నాళం మూసుకుపోతే గుండెపోటు, మెదడుకు వెళ్లే నాళం మూసుకుపోతే పక్షవాతం!

చక్కెర వ్యాధి వస్తే ఏమవుతుంది?

చక్కెర వ్యాధి అంటే రక్తంలో చక్కెర పెరగడం ఒక్కటే అనుకుంటాం. నిజానికి పెద్దవారిలో సాధారణంగా కనిపించే రెండవ రకం చక్కెర వ్యాధిలో కొవ్వుల లెక్క కూడా తప్పుతుంది. ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. హెచ్.డి.ఎల్. తగ్గుతుంది.

సికింద్రాబాదు స్టేషను నుంచి ఉప్పల్ వైపు బస్సెక్కితే దారిలో తార్నాక వస్తుంది. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ పెంచుతున్న ఎలుకల సంతతిలో విపరీతంగా లావెక్కే ఎలుకలు పుట్టాయి. వాటిలో ఒక రకం ఎలుకలకు ఒంట్లో కొవ్వు, రక్తంలో కొలెస్టరాల్, ట్రైగ్లిసరైడ్లు పెరగడంతోపాటు చక్కెరను సరిగా వాడుకునే శక్తి కూడా తగ్గింది. చక్కెర లెక్క, కొవ్వు లెక్క ఎంతగా పెనవేసుకుని ఉంటాయో చూశారా!

అసలు కీలకం ఇక్కడుంది. చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఎల్.డి.ఎల్. రేణువులు తరచు చిన్నవిగా, చిక్కగా మారతాయి. ఒకే బరువు సరుకును పెద్ద వ్యాగన్లలో నింపితే తక్కువ వ్యాగన్లు చాలు. చిన్న వ్యాగన్లలో నింపితే? ఎక్కువ కావాలి. రిపోర్టు చెప్పేది సరుకు బరువు మాత్రమే. నాళం గోడలోకి దూరేవి వ్యాగన్లు! అందుకే ఇద్దరి రిపోర్టులో అంకె ఒకటే అయినా, చక్కెర వ్యాధి ఉన్నవారి రక్తంలో వ్యాగన్లు ఎక్కువ ఉండవచ్చు. పైగా ఎక్కువైన చక్కెర నాళాల లోపలి పొరను ముందే దెబ్బతీసి ఉంటుంది.

కాబట్టి రిపోర్టులోని హద్దు ప్రకృతి గీసిన గీత కాదు. ఆ అంకె ఎవరిది అన్నది కూడా చూడాలి.

బూజు నుంచి వచ్చిన మందు

తాతయ్యకు రాసిన మాత్రలను స్టాటిన్లు అంటారు. జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో వేల రకాల శిలీంధ్రాలను పరీక్షించి, 1973లో పెనిసిలియం జాతికి చెందిన ఒక బూజులో మొదటి స్టాటిన్‌ను కనుగొన్నాడు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ అనే స్టాటిన్ మందుగా అనుమతి పొందింది.

ఇది ఎలా పనిచేస్తుంది? కాలేయం కొలెస్టరాల్‌ను అంచెలంచెలుగా తయారుచేస్తుంది. ఒక ముఖ్యమైన అంచెను నడిపే ఎంజైమును స్టాటిన్ అడ్డుకుంటుంది. అప్పుడు కాలేయ కణాలకు కొలెస్టరాల్ కొరత వస్తుంది. అవి తమ పొరమీద 'గ్రాహకాలు' అనే కొక్కేలను ఎక్కువగా పెట్టి, రక్తంలో పోయే ఎల్.డి.ఎల్.ను లోపలికి లాక్కుంటాయి. ఈ గ్రాహకాలను కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది.

లెక్క చేద్దామా?

పెన్సిలు తీసుకోండి. బ్రిటన్, ఐర్లండులలో రెండవ రకం చక్కెర వ్యాధి ఉన్న 2,838 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. వారెవరికీ అంతకుముందు గుండెజబ్బు లేదు. ఎల్.డి.ఎల్. కూడా మరీ ఎక్కువ లేదు. అచ్చం మన తాతయ్యలాంటివారే! 1,428 మందికి అటోర్వాస్టాటిన్ ఇచ్చారు. 1,410 మందికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సుమారు నాలుగేళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 127 మందికి, మందు వాడినవారిలో 83 మందికి వచ్చాయి. మేలు స్పష్టంగా కనబడటంతో పరిశోధనను అనుకున్నదానికంటే రెండేళ్లు ముందే ఆపేశారు.

నూటికి ఎంతో కట్టండి. మందు లేనివారిలో సుమారు 9 మంది, మందు వాడినవారిలో సుమారు 6 మంది. అంటే నాలుగేళ్లలో నూటికి ముగ్గురు ప్రమాదం తప్పించుకున్నారు. "ముగ్గురేనా?" అంటారేమో. నిజమే, మిగతావారిలో చాలామందికి మందు వాడకపోయినా ఆ నాలుగేళ్లలో ఏమీ అయ్యేది కాదు. మందు వాడినా ఆరుగురికి ప్రమాదం తప్పలేదు. కాని ఆ ముగ్గురు ఎవరో ముందుగా ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ ముగ్గురిలో మీ తాతయ్య ఉండవచ్చు! మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉందని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా. ఇంత పెద్ద సంఖ్యలో నూటికి ముగ్గురంటే ఎందరో ఆలోచించండి.

అందుకే 40 ఏళ్లు దాటిన చక్కెర వ్యాధిగ్రస్తులకు, గుండెజబ్బు లేకపోయినా, కొలెస్టరాల్ అంకె మామూలుగా ఉన్నా, స్టాటిన్ మేలు చేస్తుందని వైద్యశాస్త్రం ఇప్పుడు చెబుతోంది.

కష్టం ఏమీ లేదా?

ఏ మందుకైనా రెండో వైపు ఉంటుంది. స్టాటిన్ వాడేవారిలో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. రక్తంలో చక్కెర కొద్దిగా పెరగవచ్చు. అయితే చక్కెర వ్యాధి ఉన్నవారికి గుండెకు కలిగే మేలు ఈ నష్టం కంటే ఎక్కువ. గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. కాబట్టి పొరుగింటివారి చీటీ చూసి కొనుక్కునే మందు కాదిది. ఎవరికి, ఎంత మోతాదు అన్నది డాక్టరే నిర్ణయించాలి.

మరో సంగతి. మాత్ర వాడాక రిపోర్టులో అంకె తగ్గగానే "నయమైంది" అని మానేసేవారున్నారు. మానేస్తే ఎంజైము మళ్లీ పని మొదలుపెడుతుంది. కొన్ని వారాల్లో అంకె మళ్లీ పెరుగుతుంది. మాత్ర వేసుకుంటున్నాం కదా అని నడక మానడం, వేపుళ్లు ఎక్కువగా తినడం, బీడీ సిగరెట్లు కాల్చడం కూడా తప్పే. నడక, మితాహారం, రక్తపోటు అదుపు, చక్కెర అదుపు, మాత్ర - ఇవన్నీ కలిసి పనిచేయాలి.

ఇక మీ వంతు. మీ ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న పెద్దలుంటే, వారు ఏ మందులు వాడుతున్నారో, ఏవి మానేశారో అడిగి తెలుసుకోండి. మానేసిన మందుంటే "ఎందుకు మానేశావు తాతయ్యా?" అని అడగండి. వ్యాగన్ల సంగతి, మీరు కట్టిన లెక్క చెప్పండి. మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు అలమారలోని చీటీని వెంట తీసుకువెళ్లమనండి.